"కాలే కూర వద్దన్నారు సార్"

రోగులకు ఆరోగ్య సమాచారం ఎలా ఎంచి ఇవ్వాలో మెడిసిన్ విభాగంలో పీజీలకు మేము పాఠం చెప్పే తీరును మార్చిన కేసు ఇది. రోగి ఆనవాళ్ళు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

ఆమె వయసు 46. నాయుడుపేట అవతల ఒక పల్లె. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం గుండెలోని మైట్రల్ వాల్వ్‌ను పాడుచేసింది. చెన్నైలో ఆపరేషన్ చేసి లోహపు వాల్వ్ వేశారు. ఆ వాల్వ్ ఉన్నన్నాళ్ళూ రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఆమెకు రాసింది అసెనోకౌమరాల్. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చూపే పరీక్ష అంకె, ఐఎన్ఆర్, 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం, పెరిగితే నెత్తురు కారే ప్రమాదం. డిశ్చార్జి అయిన ఆరో వారంలో సూళ్ళూరుపేట లోకల్ పట్టుకుని, చెన్నై సెంట్రల్‌లో దిగి, కొడుకుతో కలిసి మా ఓపీకి వచ్చింది. పళ్ళు తోముకుంటే నెత్తురు. తొడ మీద అరచేయంత నల్లమచ్చ. ఐఎన్ఆర్ 6.8.

ఆమెను అడ్మిట్ చేసిన పీజీ కుర్రాడు గుంటూరువాడు. చురుకైనవాడు. డిశ్చార్జి రోజున ఆమెకు ఆహార జాగ్రత్తల కాగితం ఇచ్చింది కూడా అతనే. మంచి పేరున్న విదేశీ సైటులో, ఇదే పని చేసే వార్ఫరిన్ అనే మందు మీద పేజీ వెతికి, యంత్రంతో తెలుగులోకి మార్చి, ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. రౌండ్స్‌లో అది చూసి "శభాష్" అన్నది నేనే. అందుకే ఈ కథలో నా వాటా కూడా ఉంది.

"ఏమేం తింటున్నారమ్మా?" అని అడిగాడతను.

"మీరు చెప్పినట్టే సార్. కాలే కూర వద్దన్నారు గదా, అన్నీ సల్లారబెట్టుకోని తింటా ఉండా. ఆకు అనేది ఇంట్లోకే రానీలా."

కాగితం తీసి చూశాం. "కాలే, పాలకూర, బ్రకోలీ వంటి ఆకుపచ్చ కూరగాయలను నివారించండి" అని ఉంది. కాలే అంటే అమెరికాలో దొరికే ఒక ఆకుకూర. నాయుడుపేట సంతలో అది ఎవరూ చూడలేదు. తెలుగు చదవనేర్చిన ఎవరికైనా కాలే అంటే కాలుతున్నదే. కొడుకు చదివి వినిపించాడు, తల్లి విన్నది, వేడివేడి కూర మానేసింది. బ్రకోలీ ఏమిటో తెలియలేదు కాబట్టి వదిలేశారు. పాలకూర తెలుసు, దాంతోపాటు తోటకూర, గోంగూర, మునగాకు, చివరికి చారులో కరివేపాకు కూడా ఆపేశారు. ఇక "నివారించండి" అనే మాట సంగతి: రోగాన్ని నివారిస్తాం, యుద్ధాన్ని నివారిస్తాం. కూరను ఎవరు నివారిస్తారు?

ఓపీలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత రిపోర్టు మళ్ళీ చూశాను.

ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. ఈ మాత్ర పనిచేసేది ఆ విటమిన్‌కి అడ్డుపడే. రోజూ ఆకు తినే మనిషికి ఆ తిండికి తగ్గట్టు డోసు కుదిర్చి పంపాక, ఆమె ఒక్కసారిగా ఆకు మానేస్తే అదే డోసు ఎక్కువైపోతుంది. ఆకు మానమని కాదు, ఎప్పుడూ తినే తీరులోనే, ఇంచుమించు అంతే తినమని చెప్పాలి. మూలపు ఇంగ్లీషు పేజీలో ఆ వాక్యం ఉంది కూడా, మూడో పేరాలో. మావాడు ఒక పేజీలో పట్టడం కోసం మొదటి రెండు పేరాలే ప్రింటు తీశాడు.

ఇంకొకటి కూడా బయటపడింది. పది రోజుల కిందట విరేచనాలైతే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు. అది ఈ మాత్ర ప్రభావాన్ని బాగా పెంచుతుంది. 6.8కి ఆకు ఎంత కారణమో మెట్రోనిడజోల్ ఎంత కారణమో విడదీయడం కష్టం. నా లెక్కలో మందుదే పెద్ద వాటా. కొత్త మందు ఏది వేసుకున్నా ముందు మాకు చెప్పమన్న మాట కాగితంలో లేదు. అంటే కాగితం చెప్పినదాన్ని ఆమె పొల్లుపోకుండా పాటించింది, కాగితం చెప్పనిది ఆమె మీదికి వచ్చిపడింది. మాత్ర ఆపి, వార్డులో ఉంచుకుని, ఐఎన్ఆర్ దిగాక మళ్ళీ డోసు మొదలుపెట్టి పంపాం. ప్రాణాపాయం తప్పింది కాబట్టి ఇంత నింపాదిగా రాయగలుగుతున్నాను.

అప్పటిదాకా మేము నేర్పిందేమిటి

ఏడాదికి ఒక గంట లెక్చరు. నేనే చెప్పేవాణ్ణి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1998లో మొదలుపెట్టిన ఆరోగ్య సమాచారపు సైటు మెడ్‌లైన్‌ప్లస్ గురించి ఒక స్లైడు. 2003లో అదే గ్రంథాలయం అక్కడి ఫిజీషియన్ల సంఘపు ఫౌండేషన్‌తో కలిసి, మందుచీటీ రాసినట్టే సమాచారపు చీటీ రాయమని డాక్టర్లను ప్రోత్సహించిన సంగతి మరో స్లైడు. చికిత్స సమాచారాన్ని తూచడానికి 16 ప్రశ్నలున్న డిసర్న్ పట్టిక. జెనీవాలోని ఒక సంస్థ 1996 నుంచి నమ్మదగిన ఆరోగ్య సైట్లకు ఇచ్చిన హాన్‌కోడ్ ముద్ర. ఆ సంస్థ 2022 చివర్లో మూతపడింది. నా స్లైడులో మాత్రం ముద్ర తర్వాత కూడా వెలుగుతూనే ఉంది. ఒక పీజీ చేయెత్తి చెప్పేదాకా నాకు తెలియదు.

ఆ గుంటూరు కుర్రాడు లెక్చరులో చెప్పినదంతా పాటించాడు. వాణిజ్య ప్రకటనలు లేని సైటు ఎంచుకున్నాడు. ఎప్పుడు సవరించారో తేదీ చూశాడు. ఎవరు రాశారో చూశాడు. ఆ పేజీని డిసర్న్‌తో మళ్ళీ తూచమని మా పీజీలందరికీ ఇస్తే మంచి మార్కులే వేశారు. పేజీ తప్పు కాదు మరి. "ఇంతకీ నేను ఎక్కడ తప్పాను సార్?" అని అతను అడిగితే నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆ జవాబు వెతకడానికే ఆరు బుధవారాలు, మధ్యాహ్నం ఓపీ అయ్యాక, అందరం కలిసి కూర్చున్నాం.

మొదటి బుధవారం ఆ కాగితానికి పోస్ట్‌మార్టం చేశాం. ఆమె వాడేది అసెనోకౌమరాల్, కాగితం వార్ఫరిన్ మీద. మన దగ్గర రెండూ రాస్తాం. అమెరికాలో అసెనోకౌమరాల్ అమ్మకంలో లేదు, కాబట్టి అక్కడి సైట్లలో రోగుల కోసం దాని మీద పేజీ ఆశించకూడదు. రెండూ ఒక జాతి మందులే అయినా వార్ఫరిన్ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది, అసెనోకౌమరాల్ త్వరగా దిగిపోతుంది. ఒక పూట మర్చిపోతే తేడా తొందరగా కనిపిస్తుంది. కాబట్టి ఒక మందు కాగితాన్ని ఇంకో మందుకు ఇచ్చేముందు కనీసం ఆలోచించాలి.

ఆ రోజు అందరినీ నిటారుగా కూర్చోబెట్టింది మాత్రం మాత్రల రంగు. బ్రిటన్‌లో వార్ఫరిన్ 1 మిల్లీగ్రాము గోధుమరంగు, 3 నీలం, 5 గులాబీ. అమెరికాలో గులాబీ రంగుది 1 మిల్లీగ్రాము. మన దగ్గర కంపెనీని బట్టి రంగు. "గులాబీ మాత్ర వేసుకోండి" అని ఒక విదేశీ వీడియోలో విని ఎవరైనా డోసు గుర్తుపెట్టుకుంటే, ఒక దేశపు లెక్క ఇంకో దేశపు లెక్కకు ఐదు రెట్లు. మేము చూసిన బ్రిటన్ సైటూ అమెరికా సైటూ ప్రభుత్వాలవే, రెండింటికీ పూర్తి మార్కులే. ఒక పీజీ అమ్మాయి మెల్లగా, "నేను పోయిన నెల బ్రిటన్ పేజీ లింకు ఇచ్చాను సార్" అంది. ఆ రోగికి అప్పటికప్పుడు ఫోన్ చేయించాం. ఆయన ఆ లింకు అసలు తెరవనేలేదట. ఊపిరి పీల్చుకున్నాం గానీ, తెరవకపోవడం మన అదృష్టమైతే ఇవ్వడమెందుకన్న ప్రశ్న మిగిలిపోయింది.

రోగి ఫోనులో వెతకండి

రెండో బుధవారం ఒక్కటే షరతు. మీ ల్యాప్‌టాప్ వద్దు, లైబ్రరీ కంప్యూటరు వద్దు. వార్డులో ఒప్పుకున్న రోగి పక్కన కూర్చుని, ఆ ఫోనులోనే, వాళ్ళు ఎలా వెతుకుతారో చూసి రాసుకురండి.

వాళ్ళు తెచ్చిన సరుకు నా పదేళ్ళ లెక్చర్ల కన్నా విలువైనది. మధుమేహం అని ఎవరూ వెతకరు, షుగర్ అంటారు. ప్రతిస్కందకం అనే మాట పీజీలకే తెలియదు. "రక్తం పల్చబడే మాత్ర" అంటారు జనం, కొందరు "గుండె మాత్ర" అనేసి ఊరుకుంటారు. చాలామంది టైపు చేయరు, మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. టైపు చేసేవాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అలా వెతికితే వచ్చేవి నూటికి తొంభై వీడియోలని చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు గానీ, ఆ రోజు మేము చూసిన ఫోన్లలో మొదటి తెర మొత్తం వీడియోలే. ప్రభుత్వ సంస్థలు తెలుగులో తయారుచేసిన మంచి కరపత్రాలు లేక కాదు. చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, లేదా డీటీపీ సెంటర్లో పాత అను ఫాంట్లలో కూర్చిన ఫైళ్ళు. వెతుకుడు యంత్రానికి అవి తెలుగుగా కనబడవు. ఉన్నా లేనట్టే.

మూడో వారం పదాల కష్టం కొలవబోయి దెబ్బతిన్నాం. ఇంగ్లీషులో వాక్యానికి ఎన్ని పదాలు, పదానికి ఎన్ని అక్షరాంశాలు అని లెక్కకట్టే సూత్రాలున్నాయి. ఒక పీజీ అదే తెలుగు మీద ప్రయోగించాడు. "వేసుకోలేకపోయినప్పుడు" అన్నది ఒకే పదం, బండెడు అక్షరాలు. సూత్రం ప్రకారం ఇది మహా కఠినం. "స్కందనం" (గడ్డకట్టడం) మూడే అక్షరాలు, కాబట్టి సులువట! మొదటిది మా వార్డు ఆయమ్మకు కూడా తెలుసు, రెండోది మాకు ఎవరికీ నోట్లోకి రాదు. ఆ సూత్రాన్ని అక్కడే వదిలేశాం. దానికి బదులు అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ చేసిన పెమాట్ పట్టిక పనికొచ్చింది. అది రెండు సంగతులను విడివిడిగా తూస్తుంది. చదివితే అర్థమవుతుందా, చదివాక ఏం చేయాలో తెలుస్తుందా. రెండోదాని దగ్గరే మా కాగితాలన్నీ బోల్తా కొట్టాయి. ఒక్క పేజీలో నాలుగుచోట్ల "మీ వైద్యుణ్ణి సంప్రదించండి" అని ఉంది. ఏ వైద్యుణ్ణి?

ఇక్కడ ఒక పిట్టకథ. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన డాక్టరు. ఫోనులోనో వాట్సాప్‌లోనో ఆరోగ్య సలహా చెప్పడానికి అవి దారి చూపించాయి. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే ఏ రిజిస్టరులోనూ లేని డాక్టరు. ఒక పీజీ ఉత్సాహంగా తన కరపత్రంలో "అనుమానం ఉంటే ఆర్‌ఎంపీని అడగండి" అని రాసుకొచ్చాడు. మెట్రోనిడజోల్ ఇచ్చినాయన దగ్గరికే మనం చీటీ రాసి పంపినట్టు! తర్వాత ఆ వాక్యం ఇలా మారింది: "ఊళ్ళో ఎవరు మందిచ్చినా, ఇంజక్షన్ వేస్తానన్నా, పన్ను పీకుతానన్నా ముందు ఈ కార్డు చూపించండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి." కండలోకి ఇంజక్షన్ వేస్తే ఈ మాత్ర వాడేవాళ్ళకు లోపల నెత్తురు గూడుకట్టే ప్రమాదం ఉంది. విదేశీ పేజీల్లో ఆ హెచ్చరిక పైవరసలో ఉండదు, ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో ఒళ్ళునొప్పికి సూది వేసే మనిషి సందు చివర ఉండడు.

తిండి సంగతికి మాకు దొరికిన గట్టి ఆధారం మాత్రం మన దగ్గరిదే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టికలు. 528 పదార్థాలు, విటమిన్ కె విలువలతో సహా. గోంగూర, మునగాకు, పొన్నగంటి అన్నీ ఉన్నాయి. పీజీలు దాన్ని ముందేసుకుని, నాయుడుపేట మనిషి వారంలో తినే ఆకులేవో ఆమె నోటనే రాయించుకుని, కాలేకు బదులు వాటి పేర్లు పెట్టారు. గోంగూర పచ్చడి ఏడాది పొడుగునా జాడీలో ఉంటుంది కదా, అదీ లెక్కలోకి వస్తుందా అని ఆమె అడిగిన ప్రశ్న ఏ సైటులోనూ లేదు. వస్తుందని చెప్పి, రోజూ ఎంత వేసుకుంటారో అంతే వేసుకోమన్నాం.

తెలుగు మాట, తమిళ రాత

నాలుగో వారంలో జరిగింది చెన్నైలో కాక ఇంకెక్కడా జరగదేమో. పాత చాకలిపేట (వన్నారపేట అంటారు ఇక్కడ) నుంచి వచ్చే ఒకాయనకు షుగర్. ఇంట్లో నాలుగు తరాలుగా తెలుగే. పాదాల జాగ్రత్తల మీద మేము కొత్తగా, ఎంతో ముచ్చటపడి చేసిన తెలుగు కాగితం ఇస్తే, రెండు వైపులా తిప్పి చూసి, "బాగుంది సార్, మా ఇంట్లో ఎవరికీ తెలుగు చదవను రాదు" అన్నాడు. ఆయన చదివింది తమిళం. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక ఆయన మనవలది కూడా అదే దారి. మాటకు తెలుగు, రాతకు తమిళం. కేస్ షీట్లో "మాతృభాష: తెలుగు" అని ఒక గడి ఉంది. ఆ గడిని నమ్మి మేము కాగితం ఎంచాం.

ఇంటర్న్‌లు అడగవలసిన ప్రశ్నలు ఇప్పుడు రెండు. ఏ భాషలో వింటారు, ఏ భాషలో చదువుతారు. అందులోనూ మా పీజీల్లోనే తమాషా ఉంది. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదివిన తెలుగు పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, తాము ఇస్తున్న కాగితాన్ని కూడబలుక్కుని చదువుతారు. కాలే పొరపాటు వెనుక అదీ ఉంది. మావాడు యంత్రం ఇచ్చిన తెలుగును ఒక్కసారి పైకి చదివి ఉంటే ఆ మాట చెవికి తగిలేది. అప్పటి నుంచి ఏ కాగితమైనా రోగికి ఇచ్చేముందు పైకి చదవాలని నియమం పెట్టాను. చదవలేకపోతే ఇవ్వకూడదు.

వన్నారపేట పెద్దాయన కోసం రెండు నిమిషాల ఆడియో చేశాం. చేసింది తమిళ అమ్మాయి, మధురై వైపు. ఆమెకు తెలుగు కొత్త, అందుకే పెద్ద పెద్ద మాటలు రావు, చిన్న వాక్యాలే వస్తాయి. "రోజూ రాత్రి కాళ్ళు చూసుకోండి. వేళ్ళ మధ్యన చూడండి. కనబడకపోతే మనవణ్ణి చూడమనండి. చెప్పుల్లేకుండా గుడి చుట్టూ తిరగొద్దు, ఎండలో రాయి కాలుతుంది, మీకు తెలియదు." మా తెలుగువాళ్ళు చేసిన ఆడియోల కన్నా అదే బాగుంది. వాళ్ళవి రేడియో వార్తల్లా ఉన్నాయి.

నేనే తడబడిన చోటు

నాయుడుపేట ఆమె కొడుకు శ్రీసిటీలో పనిచేస్తాడు. తెలివైన కుర్రాడు. అమ్మ రెండోసారి డిశ్చార్జి అయ్యాక తనే వెతకడం మొదలుపెట్టాడు. ఒక వీడియో తెచ్చి చూపించాడు. కొత్త రకం మాత్రలు, నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదు, ఆకుకూరల గొడవ లేదు. చెప్పినాయన నిజంగా కార్డియాలజిస్టే, చెప్పినదంతా నిజమే. "అమ్మకు ఇది రాయండి సార్" అన్నాడు.

నేను ఓపీ హడావుడిలో, "వీడియోలు చూసి మందులు మార్చరు బాబూ" అనేశాను. అతని మొహం మాడిపోయింది. ఇంకెప్పుడూ నన్నేమీ అడగడు అనిపించింది. పక్కనే ఉన్న గుంటూరు పీజీ అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, అదే వీడియో మళ్ళీ పెట్టి, ఒకచోట ఆపాడు. అది గుండె లయ తప్పినవాళ్ళ గురించి. లోహపు వాల్వ్ ఉన్నవాళ్ళకు ఆ జాతి మందుల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ను ఇచ్చి చూసిన పరిశోధనను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, ఫలితాలు 2013లో వచ్చాయి. గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. "వీడియో మంచిదే తమ్ముడూ, మీ అమ్మది కాదు" అన్నాడట. ఆ మాట నాకు తట్టనందుకు కొంచెం సిగ్గుపడ్డాను. మార్కులు వేసే పట్టికలన్నీ సమాచారం మంచిదా కాదా అనే చూస్తాయి. ఈ మనిషిదా కాదా అని చూసే గడి వాటిలో లేదు.

తర్వాత రెండు బుధవారాలు దీని మీదే గడిపాం. "అర్థమైందా?" అని అడగడం మానిపించాను. దానికి మన దగ్గర ఒకటే జవాబు, "అర్థమైంది సార్". బదులుగా, "ఇంటికెళ్ళాక మీ కోడలికి ఎలా చెప్తారు?" అని అడగాలి. "రాత్రి మాత్ర మర్చిపోయారు, తెల్లారి గుర్తొచ్చింది, ఏం చేస్తారు?" రెండూ కలిపి వేసుకుంటాం అని చెప్పినవాళ్ళు ఎంతమందో చూసి పీజీలు బిత్తరపోయారు. అలా చెప్పినవాళ్ళందరి డిశ్చార్జి సమ్మరీలో "రోగికి వివరించడమైనది" అని ఉంది.

కుదరనివీ ఉన్నాయి. ఉదయం ఓపీలో ఒక్కో రోగికి దొరికే నాలుగైదు నిమిషాల్లో ఇదంతా సాగదు. కాబట్టి డిశ్చార్జి ముందు రోజు సాయంత్రానికి మార్చాం. ఆ పూట అటెండర్లు కూడా ఉంటారు. సర్జరీ విభాగం వాళ్ళు రెండుసార్లు వచ్చి మానేశారు. పీజీలు సొంత నంబర్లు ఇవ్వడానికి భయపడ్డారు, ఆ భయం న్యాయమే. విభాగం పేరిట ఒక ఫోను కొని, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వంతులవారీగా చూస్తున్నారు.

ఐఎన్ఆర్ గది బయట గోడకు ఇప్పుడు ఒక బోర్డు ఉంది. మేము చదివి, పైకి వినిపించి, రోగుల చేత తిరిగి చెప్పించుకుని ఒప్పుకున్న లింకులూ ఆడియోలూ మాత్రమే దాని మీద ఉంటాయి. మొత్తం పదకొండు. నెల మొదటి సోమవారం ఒక పీజీ పాత ఫోను తీసుకుని, వైఫై ఆపేసి, పదకొండూ తెరిచి చూడాలి. పోయిన నెల రెండు తెరుచుకోలేదు. ఒకటి తెరుచుకుంది గానీ పేజీ మారిపోయి, పాలకూర మానేయమంటోంది. ఆ స్టిక్కరు పీకేశాం. దాని చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నాయుడుపేట ఆమె పోయినసారి వచ్చినప్పుడు ఆ ఖాళీ చూసి, "ఇక్కడ ఏం పెడతారు సార్?" అంది. ఐఎన్ఆర్ 2.9. గోంగూర తింటూనే ఉంది. ఆమె చెప్తానంటే ఆమె గొంతే రికార్డు చేసి పెడదామని గుంటూరు కుర్రాడు అంటున్నాడు. కొడుకునడిగి చెప్తానంది.